వాలు అక్షరం: పుట్టుక, రూపం, వాడుక



మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్న మీలో బి.కాం. చదివేవారున్నారు, లా చదివేవారున్నారు, బయాలజీ, ఇంజనీరింగు చదివేవారూ ఉన్నారు. సబ్జెక్టు ఏదైనా, ఏదో ఒక సెమిస్టరులో ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్టు రాయక తప్పదు. టైపు చేసేటప్పుడు కంట్రోల్ మీటతో పాటు ఐ మీట నొక్కితే అక్షరాలు కుడివైపుకు వాలతాయి. వీటినే ఇటాలిక్స్ అంటారు. మనం వాలు అక్షరాలు అందాం. అవి ఎక్కడ వాలాలి, ఎక్కడ వాలకూడదు అన్నది మాత్రం చాలా కాలేజీల్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుచేత కొందరు అందం కోసం పేజీలకు పేజీలు వాలుస్తారు. మరికొందరు ఆ మీట జోలికే పోరు. రెండింటివల్లా మార్కులు పోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, రాసినది చదివేవారికి తప్పుగా చేరవచ్చు.

చేతిరాత లెడ్జర్ల రోజుల్లో బ్యాంకులో ఎర్ర సిరాను ఎక్కడ పడితే అక్కడ వాడేవాళ్ళం కాదు. పేజీలో ఎర్రగా ఒక అంకె కనబడిందంటే, "ఇది మిగతా వాటివంటిది కాదు, ఆగి చూడు" అని అర్థం. పేజీ అంతా ఎర్రగా రాస్తే ఆ అర్థం పోతుంది. అచ్చులో వాలు అక్షరం పని కూడా అంతే. ఈ పాఠమంతటికీ ఇదే మూలసూత్రం.

1. ఎక్కడ పుట్టింది?

ఇటాలిక్ అంటే ఇటలీకి చెందినది అని అర్థం. ఈ అక్షరం అచ్చులోకి వచ్చింది ఇటలీలోని వెనిస్ నగరంలో. జర్మనీలో గూటెన్‌బర్గ్ బైబిలు అచ్చయింది సుమారు 1455లో. వెనిస్‌కు అచ్చుయంత్రం 1469లో వచ్చింది. మరుసటి ఏడాదే నికొలాస్ జెన్సన్ అనే ముద్రాపకుడు అక్కడ చక్కని నిలువు అక్షరాలతో పుస్తకాలు వేశాడు. ఈ నిలువు అక్షరాలకే రోమన్ అని పేరు.

ఆ కాలపు ఇటలీ పండితులు చేత్తో రాసుకునేటప్పుడు నిలువు అక్షరాలు వాడేవారు కాదు. వేగంగా రాసే చెయ్యి సహజంగా కుడికి వాలుతుంది. కలం ఎత్తకుండా ఒక అక్షరం నుంచి మరొక అక్షరానికి సాగుతుంది. ఫ్లారెన్సుకు చెందిన నికొలో నికొలి (మరణం 1437) అనే పండితుడు పాత గ్రంథాలకు ప్రతులు రాసుకున్న వాలు దస్తూరీ పండితులలో బాగా వ్యాపించింది. ప్రభుత్వ కార్యాలయాల గుమాస్తాలు కూడా ఇలాంటి దస్తూరీనే పెంచి పోషించారు. కనుక వాలు అక్షరం పుట్టింది అచ్చుకూటంలో కాదు, వేగంగా, స్పష్టంగా రాయవలసిన గుమాస్తా చేతిలోనూ, పండితుడి చేతిలోనూ అని చెప్పవచ్చు.

వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే పండితుడు 1490ల నడుమ ముద్రణాలయం నెలకొల్పాడు. ఈ దస్తూరీని అచ్చు అక్షరాలుగా మార్పించినది ఆయనే. 1500లో వెలువడిన సెయింట్ కాథరిన్ లేఖల సంపుటిలో ఒక బొమ్మ మీద కొద్ది మాటలు మాత్రం వాలు అక్షరాల్లో అచ్చయ్యాయి. 1501లో ప్రాచీన లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను మొదటినుంచి చివరిదాకా వాలు అక్షరాల్లోనే వేశారు. ఆ పుస్తకంలో ఒక విచిత్రం ఉంది. చిన్న అక్షరాలు మాత్రమే వాలి ఉన్నాయి. క్యాపిటల్ అక్షరాలు నిలువుగానే ఉన్నాయి. క్యాపిటల్స్ కూడా వాలడం తరువాతి దశాబ్దాల్లో స్థిరపడింది.

ఈ అక్షరాన్ని కాగితం ఆదా చేయడానికే కనిపెట్టారని తరచుగా చదువుతాం. ఇది పూర్తిగా సరికాదు. ఆదా ఎక్కువగా వచ్చింది పుస్తకం సైజు వల్ల. పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, అంటే 16 పేజీలు వస్తాయి. అదే ఆక్టావో సైజు. పైగా ఆల్డస్ పెద్ద వ్యాఖ్యానాలు తీసేసి మూలం మాత్రమే వేశాడు. అంతవరకు బల్ల మీద పెట్టి చదవవలసిన కావ్యాలు చేతిలో ఇమిడాయి, ప్రయాణంలో వెంట వచ్చాయి. వాలు అక్షరం ఆ పుస్తకానికి, చదువుకున్నవాడు తన కోసం తానే రాసుకున్న ప్రతి అనే రూపం ఇచ్చింది.

2. అక్షరాలు చెక్కిన చెయ్యి ఎవరిది?

అచ్చు అక్షరం ఊరికే రాదు. ఉక్కు ముక్క చివర ఒక్కొక్క అక్షరాన్నీ తిరగేసి చెక్కాలి. దాన్ని రాగిలో దిగగొట్టి అచ్చు తీయాలి. ఆ అచ్చులో సీసం కలిసిన లోహం పోస్తే ఒక అక్షరం తయారవుతుంది. ఆల్డస్‌కు ఈ పని చేసినవాడు బొలోన్యా నగరానికి చెందిన ఫ్రాంచెస్కో గ్రిఫో. 1501 నాటి వర్జిల్‌లో ఆల్డస్ ఇతన్ని మెచ్చుకుంటూ కొద్ది పంక్తులు వేశాడు.

కానీ లోకంలో పేరు ఆల్డస్‌దే అయింది. ఈ అక్షరాలను మరొకరు వాడకుండా ఆల్డస్ వెనిస్ ప్రభుత్వం నుంచీ, 1502లో పోపు నుంచీ హక్కులు పొందాడు. హక్కు ముద్రాపకుడికి వచ్చింది, చెక్కినవాడికి రాలేదు. గ్రిఫో వెనిస్ వదిలి వెళ్ళి సొంచినో అనే మరొక ముద్రాపకుడితో పనిచేశాడు. 1503లో ఫానో పట్టణంలో సొంచినో వేసిన పెట్రార్క్ పుస్తకం ముందుమాటలో, ఈ అక్షరాలను నిజంగా చెక్కినవాడు గ్రిఫో అనీ, ఆల్డస్ కాదనీ బాహాటంగా రాశాడు. ఆ ఒక్క ముందుమాట లేకపోతే గ్రిఫో పాత్ర మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

హక్కు పత్రాలు ఉన్నంత మాత్రాన నకళ్ళు ఆగలేదు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో కొందరు ఆల్డస్ పుస్తకాలను అదే రూపంలో దొంగ అచ్చు వేశారు. 1503 మార్చి 16న ఆల్డస్ ఒక హెచ్చరిక ప్రకటించాడు. నకలు పుస్తకాలను గుర్తుపట్టడానికి వాటిలోని అచ్చుతప్పులన్నీ అందులో పేర్కొన్నాడు. లియోన్ వారు ఆ ప్రకటన చూసి తమ తప్పులు దిద్దుకున్నారు!

3. రూపం: వాలడం ఒక్కటే కాదు

నిలువు అక్షరాన్ని కొంచెం పక్కకు నెడితే ఇటాలిక్ అయిపోతుందని అనుకుంటాం. కాదు. మనందరికీ కంప్యూటరులో పరిచయమైన టైమ్స్ న్యూ రోమన్‌నే తీసుకుందాం. లండన్‌లోని 'ది టైమ్స్' పత్రిక కోసం మోనోటైప్ సంస్థ సలహాదారు స్టాన్లీ మారిసన్ పర్యవేక్షణలో విక్టర్ లార్డెంట్ దీన్ని గీశాడు. 1932 అక్టోబరు 3న ఆ పత్రిక మొదటిసారి ఈ అక్షరాలతో వెలువడింది. 1992లో విండోస్ 3.1తో పాటు ఇది సామాన్యుల కంప్యూటర్లలోకి వచ్చింది.

ఇది సెరిఫ్ అక్షరం. అక్షరం గీతల చివర ఉండే చిన్న అడ్డు మొనలను సెరిఫ్‌లంటారు. ఇప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలను ఒకసారి నిలువుగా, ఒకసారి వాలుగా పెద్ద సైజులో టైపు చేసి పక్కపక్కన పెట్టుకుని చూడండి.

(అ) 'ఏ' అక్షరం: నిలువులో రెండంతస్తులుగా, నెత్తిన కొక్కెంతో ఉంటుంది. వాలులో ఆ కొక్కెం ఉండదు. మనం చేత్తో రాసే ఒంటి అంతస్తు రూపమే ఉంటుంది.

(ఆ) 'ఎఫ్' అక్షరం: నిలువులో గీత మీద ఆగిపోతుంది. వాలులో గీత కిందికి దిగి తోకలా వంగుతుంది.

(ఇ) 'ఎన్', 'ఎమ్' అక్షరాలు: నిలువులో ప్రతి కాలికీ కింద ఇటూ అటూ చదునైన పాదం ఉంటుంది. వాలులో ఆ పాదాలు పోయి, పైన ఎడమవైపు కలం దిగిన జాడ, కింద కుడివైపు కలం లేచిన జాడ ఉంటాయి.

(ఈ) వాలు: టైమ్స్ కుటుంబంలో నిలువు గీత నుంచి సుమారు 15, 16 డిగ్రీలు.

(ఉ) వెడల్పు: అక్షరం సైజును 1000 భాగాలుగా తీసుకుంటే, చిన్న 'ఎమ్' నిలువులో 778 భాగాలు, వాలులో 722. పెద్ద 'ఏ' 722 నుంచి 611కు తగ్గుతుంది. చిన్న 'ఎన్' రెండింటిలోనూ 500. చిన్న 'ఏ' మాత్రం 444 నుంచి 500కు పెరుగుతుంది! అంటే ఈ అక్షరాల్లో వాలుతో వచ్చే ఆదా తక్కువే. లెక్క వేసి చూస్తే, కాగితం ఆదా కోసమే వాలు అనే మాట ఇక్కడ కూడా నిలవదు.

వాలు అక్షరం నిలువు అక్షరానికి నీడ కాదు, దాని పక్కన నిలిచే వేరొక దస్తూరీ అని దీన్నిబట్టి తెలుస్తుంది. మారిసన్ స్వయంగా 1926లో ఒక వ్యాసం రాస్తూ, ఇటాలిక్ అంటే వాలిన రోమన్‌గా ఉంటే చాలునని వాదించాడు. కానీ టైమ్స్ కోసం చేయించినప్పుడు ఆ వాదనను పక్కన పెట్టి, అలవాటైన ఇటాలిక్ రూపాన్నే తీసుకున్నాడు. చదివే కంటికి తేడా తెలియాలంటే వాలు ఒక్కటే చాలదు.

4. జంట ఎప్పుడు కుదిరింది?

మొదట్లో పుస్తకమంతా నిలువులోనో, వాలులోనో వేసేవారు. ఆ తరువాత 16వ శతాబ్దంలోనే ఫ్రాన్సు మొదలైన చోట్ల రెండింటినీ ఒకే పేజీలో జంటగా వాడడం పెరిగింది. క్లాడ్ గారమాండ్ చెక్కిన నిలువు అక్షరాలు, రాబర్ట్ గ్రాన్‌జాన్ చెక్కిన వాలు అక్షరాలు ఆ శతాబ్దపు మేలు రచనలు. ఈనాటి గారమాండ్ ఫాంట్లు కొన్నిటిలో వాలు భాగం గ్రాన్‌జాన్ నమూనానే అనుసరిస్తుంది.

జంట కుదిరాక వాలు అక్షరానికి కొత్త పని వచ్చింది. 1560లో వెలువడిన జెనీవా ఇంగ్లీషు బైబిలు దీనికి మంచి ఉదాహరణ. మూలభాషలో లేని మాటను ఇంగ్లీషు వాక్యం కుదరడానికి అనువాదకులు చేర్చవలసి వచ్చినప్పుడు, ఆ మాటను వాలు అక్షరాల్లో వేశారు. "ఈ మాట మూలంలోది కాదు, మేము చేర్చినది" అని పాఠకుడికి అక్కడికక్కడే లెక్క అప్పజెప్పినట్లయింది. ఒక్క అదనపు మాట రాయకుండా నిజాయితీ చూపించడం ఇదే.

5. ఇప్పుడు ఎక్కడెక్కడ వాడాలి?

(1) గ్రంథాల పేర్లు. పుస్తకం, దినపత్రిక, సినిమా వంటి పూర్తి రచనల పేర్లు వాలులో. పుస్తకంలోని ఒక వ్యాసం, ఒక అధ్యాయం పేరు మాత్రం నిలువులోనే, కొటేషన్ గుర్తుల మధ్య.

(2) జీవుల శాస్త్రీయ నామాలు. మామిడి మాంజిఫెరా ఇండికా, వరి ఒరైజా సటైవా. రెండు మాటలూ వాలులో ఉండాలి. మొదటి మాటకు పెద్ద అక్షరం, రెండో మాటకు చిన్న అక్షరం. బయాలజీ పరీక్షకులు ఈ నియమాన్ని పట్టించుకుంటారని గుర్తుంచుకోండి.

(3) కేసుల పేర్లు. బి.కాం., లా విద్యార్థులు కాంట్రాక్టు చట్టంలో తప్పక చదివేవి: కార్లిల్ వర్సెస్ కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ (1893), మైనరు ఒప్పందాల గురించి మొహరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్ (1903). జవాబులో కేసు పేరు వేరుగా కనబడితే, మీరు చట్టం చెప్పి ఆధారం కూడా చూపారని దిద్దేవారికి ఒక్క చూపులో తెలుస్తుంది.

(4) గణితం, భౌతికశాస్త్రం. ఇక్కడ వాలు తప్పితే అర్థమే మారిపోతుంది. వాలు 'ఎమ్' అంటే ద్రవ్యరాశి, నిలువు 'ఎమ్' అంటే మీటరు. వాలు పెద్ద 'వి' అంటే విద్యుత్ పొటెన్షియల్, నిలువు పెద్ద 'వి' అంటే వోల్టు. వాలు 'జి' గురుత్వ త్వరణం, నిలువు 'జి' గ్రాము. విలువ మారే రాశికి వాలు. అంకెలకు, యూనిట్లకు, సైన్, లాగ్ వంటి ప్రమేయాల పేర్లకు నిలువు.

(5) పరభాషా పదాలు. ఇంగ్లీషులో ఇంకా కలిసిపోని లాటిన్, ఫ్రెంచి, తెలుగు మాటలు వాలులో. కలిసిపోయినవాటికి అక్కరలేదు. మీరు ఉపకార వేతనం దరఖాస్తుకు జతచేసే బోనఫైడ్ సర్టిఫికెట్టులోని మొదటి మాట లాటినే. కానీ అది ఇంగ్లీషులో ఏనాడో సొంతమైపోయింది కనుక నిలువుగానే రాయవచ్చు.

(6) ఓడల పేర్లు. విక్రాంత్ అన్న పేరు వాలులో, ముందున్న ఐ.ఎన్.ఎస్. నిలువులో.

(7) నొక్కి చెప్పడానికి. పేజీకి ఒక మాట, మహా అయితే రెండు. అంతకుమించితే వాక్యాన్నే బలంగా తిరగరాయడం మంచిది.

ఒక చిక్కు ఉంది. వాక్యమంతా ఇప్పటికే వాలులో ఉండి, మధ్యలో పుస్తకం పేరు వస్తే ఏం చేయాలి? ఆ పేరును నిలువులోకి తేవాలి. ఎందుకంటే అర్థం చెప్పేది వాలు కాదు, తేడా.

6. చేత్తో రాసేటప్పుడు

పరీక్ష పేపరు మీద కంట్రోల్ మీట ఉండదు కదా! అక్కడ మాట కింద స్కేలుతో ఒక గీత గీస్తే అదే ఇటాలిక్. ప్రూఫులు దిద్దేవారి భాషలో కూడా ఒంటి గీత అంటే "దీన్ని వాలు అక్షరాల్లో వేయండి" అనే సూచన. మామూలు టైపురైటర్‌కు ఒకే రకం అక్షరాలుండేవి కనుక మా కాలంలో అందరూ ఈ గీతే వాడారు. కంప్యూటరులో మాత్రం వాలూ గీతా రెండూ కలిపి పెట్టకండి. ఒకే పనికి ఇద్దరిని పెట్టినట్టవుతుంది. శాస్త్రీయ నామాలకు చేతిరాతలో రెండు మాటల కిందా విడివిడిగా గీత గీయడం ఆచారం.

7. ఎక్కడ వాడకూడదు?

పొడవైన పేరాలు వాలులో వేయకండి. కన్ను త్వరగా అలసిపోతుంది. చిన్న సైజులో, పలుచని జిరాక్సులో ఇంకా కష్టం. చిరునామా, ఖాతా నంబరు, ఫోన్ నంబరు, సొమ్ము వివరాలు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. చదవడంలో ఇబ్బంది పడే డిస్లెక్సియా గల పిల్లల కోసం రాసే కాగితాల్లో వాలు అక్షరాలూ, కింద గీతలూ మానుకుని, ముఖ్యమైన మాటలకు బోల్డు వాడమని బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సలహా ఇస్తుంది. ఇంటి దగ్గర తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నోట్సు తయారుచేసే మీలో కొందరికి ఇది ఉపయోగపడవచ్చు.

8. మరి తెలుగులో?

తెలుగు లిపికి ఇలాంటి జంట దస్తూరీ లేదు. కంప్యూటరులో తెలుగు మాట మీద అదే మీట నొక్కితే, సాధారణంగా ఉన్న అక్షరాన్నే యంత్రం పక్కకు నెడుతుంది. అలా నెట్టినప్పుడు గీతకు పైనున్నవి కుడికి జరుగుతాయి, కిందున్నవి ఎడమకు జరుగుతాయి. అంటే తలకట్టు, గుడి ఒకవైపు, వత్తు మరొకవైపు పోతాయి. ఒక్కొక్క అక్షరానికి పైనా కిందా ఇంత సంసారం ఉన్న మన లిపిలో ఇది కంటికి ఇబ్బందే. అందువల్ల తెలుగు వ్యాసంలో పుస్తకాల పేర్లకు ఒంటి కొటేషన్ గుర్తులు, నొక్కి చెప్పడానికి బోల్డు అక్షరం వాడడం మేలు. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, కాలేజీలో ఇంగ్లీషు రాసే మన పిల్లలు ఏ లిపి మర్యాద ఆ లిపికి ఇవ్వడం నేర్చుకోవాలి.

అభ్యాసం

కింది వాటిలో వాలు (లేదా గీత) ఎక్కడ రావాలో ముందు మీరే రాసి, తరువాత జవాబులు చూడండి.

(క) "వేగం సెకనుకు 20 మీటర్లు" అని ఇంగ్లీషు గుర్తులతో రాస్తే, వేగాన్ని సూచించే 'వి', అంకె, మీటరును సూచించే 'ఎమ్'.
(ఖ) ఐ.ఎన్.ఎస్. విక్రాంత్.
(గ) రిపోర్టులో పేర్కొన్న పాఠ్యపుస్తకం పేరు, అందులోని మూడో అధ్యాయం పేరు.
(ఘ) దరఖాస్తులో బ్యాంకు ఖాతా నంబరు.
(ఙ) మామిడి శాస్త్రీయ నామం.

జవాబులు: (క) 'వి' ఒక్కటే వాలు. (ఖ) విక్రాంత్ మాత్రమే. (గ) పుస్తకం పేరు వాలు. అధ్యాయం పేరు కొటేషన్ గుర్తుల్లో. (ఘ) ఎక్కడా వద్దు. (ఙ) రెండు మాటలూ.

చివరగా ఒక మాట. (గ) ప్రశ్నలోని పుస్తకం పేరు పక్కన రచయిత పేరు కూడా రాయండి. ఆ పేరు నిలువు అక్షరాల్లోనే ఉంటుంది. కానీ అది తప్పకుండా ఉండాలి. 1503లో ఒక ముందుమాటలో ఒకరు ఆ పని చేశారు కనుకనే ఈ అక్షరాలు చెక్కిన పనివాడి పేరు మనం ఈ రోజు చెప్పుకోగలుగుతున్నాం.